దిక్కు చూడని కొలత

ఇంద్రజ వాళ్లది మా వీధే. మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉంటారు. న్యూజిలాండ్‌లో ఆక్లండ్ శివారు టకానినిలో, రైలు పట్టాల దాపున కొత్తగా వేసిన వీధి ఇది. భర్త రవిచంద్ర ఒక కంపెనీలో కంప్యూటర్ నెట్‌వర్కులు చూస్తాడు. కూతురు నిరుపమకు పదేళ్లు. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెబుతుంది. ఏటా మార్చి నెల రాగానే ఇంద్రజ పెద్ద సంచీ, మూడు కాళ్ల స్టాండూ కారులో పెట్టుకుని ఎయిర్‌పోర్టుకు వెళ్లేది. ఎక్కడికమ్మా అని అడిగితే కొండ కొలవడానికి ఆంటీ అనేది. కొండ ఎత్తు ఒకసారి కొలిస్తే చాలదా, ఏటా ఎందుకు అనుకునేదాన్ని. ఆమె కొలిచేది కొండ ఎత్తు కాదని, కొండ నడకని నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ కొలతలో ఆమె ఒక పెద్ద పొరపాటు చేసిందని, దాన్ని తనే పట్టుకుని నలుగురి ముందూ ఒప్పుకుందని ఇంకా ఆలస్యంగా తెలిసింది. ఆమె, రవి, ఆ కొండ ఊళ్లో ఉండే బెరిల్ అనే పెద్దావిడ వేర్వేరు రోజుల్లో నాకు చెప్పినవన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఇంద్రజది కొత్తగూడెం. తండ్రి సుబ్బయ్య బొగ్గు గనిలో డంపర్ బండి నడిపేవాడు. నేలను పైనుంచి తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్ట్ గని అది. బండ్లు దిగే దారులు పెద్ద పెద్ద మెట్ల మాదిరిగా, మట్టి గోడల పక్కనుంచి కిందికి పోతాయి. ఏ గోడ మీదైనా పగులు కనబడితే సర్వే వాళ్లు వచ్చి పగులుకు అటొకటి ఇటొకటి మేకులు కొట్టి, మధ్య దూరం రోజూ కొలిచేవాళ్లు. దూరం పెరుగుతోందంటే దాని కింద బండ్లు ఆగిపోయేవి. సుబ్బయ్య ఇంటికొచ్చి ఈ సంగతులన్నీ కూతురికి చెప్పేవాడు. ఒక వారం రోజుల పాటు బండ్లు ఆపేస్తే అందరూ సర్వే వాళ్లను తిట్టుకున్నారట. ఎనిమిదో రోజు ఆ గోడ కూలింది. కింద ఎవరూ లేరు కాబట్టి ఆ సంగతి ఏ పేపర్లోనూ రాలేదు. ఆ మాట చెప్పేటప్పుడు తండ్రి ముఖంలో కనిపించిన తృప్తి తనకు ఇప్పటికీ గుర్తుందని ఇంద్రజ అంటుంది.

సివిల్ ఇంజనీరింగ్ చదివి, 2014లో పీజీ డిప్లొమా కోసం ఆక్లండ్ వచ్చింది. అక్కడ పాపటోయిటోయి అనే పేటలో ఆరుగురు ఆడపిల్లలు కలిసి ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్లు. చదువయ్యాక ఆమెకు ఇంజనీరు ఉద్యోగం దొరకలేదు. ఇక్కడ పనిచేసిన అనుభవం ఉందా అని ప్రతిచోటా అడిగేవారు. ఏడాదిన్నర పాటు ఎయిర్‌పోర్టు దగ్గర ఒక గోడౌన్‌లో కూరగాయలు పెట్టెల్లో సర్దింది.

ఒకరోజు ఆ గోడౌన్ నేల కుంగుతోందని కొలవడానికి ఇద్దరు సర్వే మనుషులు వచ్చారు. పరికరాన్ని స్టాండు మీద బిగించి చూస్తున్నారు. అంకె నిలకడగా రావడం లేదు. భోజనాల వేళ ఇంద్రజ బయట కూర్చుని తింటూ వాళ్లనే చూస్తోంది. కాసేపటికి లేచి వెళ్లి, గోడ అవతల ఫోర్క్‌లిఫ్ట్ తిరిగినప్పుడల్లా మీ స్టాండు కింద తారు ఊగుతోంది, ఆ సిమెంటు దిమ్మ మీదికి మార్చి చూడండి అని చెప్పింది. వాళ్లు మార్చి చూశారు. అంకె నిలిచింది. వాళ్లలో పెద్దవాడి పేరు స్టువర్ట్. చిన్న సర్వే కంపెనీ నడుపుతాడు. వెళ్లేముందు ఆమె పేరు, ఫోన్ నంబరు రాసుకున్నాడు. నెల తిరక్కుండా ఆమె అతని దగ్గర కర్ర పట్టుకునే పనిలో చేరింది. కర్ర అంటే కొలిచే చోట నిలబెట్టే గుర్తు. రెండేళ్లకు పరికరం ఆమె చేతికొచ్చింది.

2018లో ఒక పని వచ్చింది. దక్షిణ దీవిలో ఒక చిన్న ఊరి కొండనడకల క్లబ్బుకు, రెండువేల మీటర్లకు పైన, ఎండ సరిగా పడని వాలు మీద ఒక చెక్క గుడిసె ఉంది. అరవై ఏళ్ల క్రితం క్లబ్బు వాళ్లు చెక్కలు వీపున మోసుకెళ్లి కట్టుకున్నది. నడిచి వచ్చేవాళ్లు రాత్రి తలదాచుకునే చోటు. పాతికమంది పడుకోవచ్చు. ఆ వాలు నెమ్మదిగా జారుతోందేమోనని వాళ్లకు అనుమానం వచ్చింది. ఏటా ఒకసారి వచ్చి కొలిచిపెట్టమని అడిగారు. స్టువర్ట్ ఆ పనిని ఇంద్రజకు అప్పగించాడు. ఆమె ఒంటరిగా బాధ్యత తీసుకున్న మొదటి పని అదే.

ఆ వాలు పైకి చూస్తే రాళ్ల గుట్టలా ఉంటుంది. లోపల అంతా గడ్డకట్టిన నేల. పైన మీటరున్నర మందం మాత్రం వేసవిలో కరిగి, చలికాలంలో మళ్లీ గడ్డకడుతుంది. దాని కింద రాళ్ల మధ్య సందులన్నిట్లో ఐసు పేరుకుని, ఏళ్ల తరబడి కరగకుండా ఉంటుంది. అలాంటి నేలను పెర్మాఫ్రాస్ట్ అంటారు. రాళ్లను కొండకు పట్టి ఉంచేది ఆ ఐసే. అయితే ఐసు రాయంత గట్టిది కాదు. పైన బరువుంటే, ఏటవాలుగా ఉంటే, గట్టిపడిన బెల్లం పాకంలా చాలా నెమ్మదిగా కిందికి సాగుతుంది. ఏడాదికి నాలుగు వేళ్ల వెడల్పో జానెడో. కంటికి తెలియదు. బాగా చల్లగా ఉన్నంతకాలం దాని సాగుడు ఒక తీరున ఉంటుంది. వేడెక్కి, కరిగే దశకు దగ్గరపడితే వేగం పెరుగుతుంది. అప్పుడు భయపడాలి.

కదిలేదాన్ని కొలవాలంటే కదలనిది ఒకటి కావాలి. గుడిసెకు రెండు వందల అడుగుల దూరంలో, రాళ్ల మధ్య నుంచి ఇల్లంత నల్లబండ ఒకటి పైకి లేచి ఉంది. ఇంద్రజ దాని చుట్టూ తిరిగి చూసింది. సుత్తితో కొట్టి చూసింది. ఖంగుమంది. కొండ ఎముకే ఇక్కడ పైకి వచ్చిందనుకుంది. దాని నెత్తిన స్టీలు బోల్టు దిగ్గొట్టి, దాన్నే ఆధార బిందువు చేసుకుంది. గుడిసె నాలుగు మూలలకూ, వాలు మీద పద్దెనిమిది రాళ్లకూ గుర్తులు పెట్టి, బోల్టు నుంచి వాటికి దూరాలు కొలిచింది.

మరుసటి ఏడాది, ఆ పైయేడు, ఆ పైయేడు వెళ్లి కొలిచింది. గుడిసె ఏడాదికి రెండు సెంటీమీటర్లు జరుగుతోంది. గడ్డకట్టిన నేలకు అదొక లెక్క కాదు. మూడేళ్లూ మూడు రిపోర్టులు రాసింది. మూడింటి చివరా గుడిసె వాడుకోవడానికి ప్రమాదం లేదని రాసి సంతకం పెట్టింది.

ఈ మూడేళ్లలో ఆమెకు బెరిల్‌తో స్నేహమైంది. బెరిల్ బడిలో వడ్రంగం నేర్పి రిటైరైన మనిషి. అప్పటికి డెబ్బై దాటింది. గుడిసె బాగోగులు ఆమే చూసేది. ఇంద్రజ పని చేసుకుంటుంటే ఆవిడ గుడిసె ముందు బల్ల మీద కూర్చుని టీ కాచి ఇచ్చేది. మాటల్లో ఒకసారి, ఈ తలుపు ప్రతి వేసవిలోనూ పట్టేస్తోంది, చిత్రిక పట్టి పట్టి సగం చేశాను, చెమ్మ వల్ల కాబోలు అంది. ఇంద్రజ ఆ మాట విని నవ్వి ఊరుకుంది.

2020 నుంచి ఆమె ఒక జాగ్రత్త ఎక్కువ తీసుకుంది. ఉపగ్రహాలతో స్థానం చెప్పే జీపీఎస్ పరికరాన్ని బోల్టు మీద కూడా నాలుగు గంటలు నిలబెట్టేది. ఎవరూ అడగలేదు, తనకే అనిపించింది. ఏడాది తర్వాత చూస్తే బోల్టు ఐదు సెంటీమీటర్లు జరిగినట్టు చూపించింది. ఆమె కంగారుపడలేదు. ఎందుకంటే న్యూజిలాండ్‌లో నేలంతా కదులుతూనే ఉంటుంది. ఇక్కడి సర్వే వాళ్లందరికీ తెలిసిన సంగతే. దేశం అడుగున ఉన్న రెండు పలకలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఏడాదికి నాలుగైదు సెంటీమీటర్లు పోతాయి. పెద్ద పనుల్లో ఆ కదలికను తీసేసి లెక్కలు కడతారు. ఈ చిన్న పనికి ఆ లెక్క పెట్టలేదు. ఐదు సెంటీమీటర్లు దేశం కదలికేనని మార్జిన్‌లో రాసి ముందుకుపోయింది.

2022 మార్చిలో వెళ్లొచ్చాక, ఆదివారం మధ్యాహ్నం వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని ఆ ఏటి అంకెలు వేస్తోంది. గుడిసె బోల్టుకు మూడు సెంటీమీటర్ల దూరం జరిగింది. ఫర్వాలేదు. తర్వాత బోల్టు జీపీఎస్ అంకె చూసింది. ఈసారి ఐదు కాదు, పది.

భూకంపం వస్తే తప్ప ఒక దేశం ఒక్క ఏడాదిలో నడక రెట్టింపు చేసుకోదు. ఆ ఏడాది అటు భూకంపం ఏదీ లేదు. ఆమె కాగితం తీసుకుని దిక్కులు గీసింది. అక్కడ దేశం పోయేది వాయవ్యానికి. బోల్టు పోయింది ఆగ్నేయానికి. సరిగ్గా వాలు దిగే దిక్కుకు. కిందటేటి అంకె తీసి చూసింది. ఆ ఐదు సెంటీమీటర్లూ ఆగ్నేయానికే. కిందటేడు ఆమె ఎంత అన్నది చూసింది కానీ ఎటు అన్నది చూడలేదు.

ఆ తర్వాతి లెక్క చిన్నపిల్లలు కూడా చేయగలిగిందే. దేశం బోల్టును ఒకవైపు నాలుగు సెంటీమీటర్లు తీసుకుపోతుంటే అది రెండోవైపు పది పోయిందంటే, నిజానికి కొండ మీద పద్నాలుగు జారింది. దానికన్నా గుడిసె మూడు ఎక్కువ జారింది. మొత్తం పదిహేడు. ఆ నల్లబండ కొండ ఎముక కాదు. ఎప్పుడో పైనుంచి పడి, ఐసులో సగానికి పైగా కూరుకుపోయిన రాయి. గుడిసె, బండ, వాలు అన్నీ కలిసి ఒకే బండిలో ప్రయాణం చేస్తున్నాయి. ఆ బండిలోనే కూర్చుని ఆమె బండి కదలడం లేదని మూడేళ్లు రాసింది. పైగా ఇప్పుడు వేగం పెరిగింది. తలుపు పట్టేయడం చెమ్మ వల్ల కాదని అప్పుడు అర్థమైంది. గుడిసెను మోసే అడుగు దిమ్మలు ఒకటొకటిగా పక్కకు ఒరుగుతున్నాయి.

రవి బయట కూతురికి సైకిల్ నేర్పుతున్నాడు. లోపలికొచ్చి భార్య ముఖం చూసి పక్కన కూర్చున్నాడు. ఆమె కాగితం చూపించి మొత్తం చెప్పింది.

"ఇది ఇంకెవరికి తెలుసు?" అన్నాడు రవి.

"నాకే. ఇప్పుడు నీకు."

"ఈస్టర్‌కి వాళ్లు పైకి వెళ్తారన్నావు కదా."

"ఇరవైరెండు మంది. పిల్లలు కూడా ఉంటారు."

రవి ఆ కాగితాన్ని మడిచి ఆమె సంచీలో పెట్టాడు. తర్వాత, "అయితే ఇంకేం ఆలోచించకు ఇందూ. రేపు పొద్దున్నే ఆఫీసులో చెప్పేయ్. ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు.

సోమవారం స్టువర్ట్ ఆమె లెక్కను రెండుసార్లు చూశాడు. తప్పు పట్టలేకపోయాడు. అతను మంచివాడే కానీ నిదానస్తుడు. దేశమంతటా ఉన్న ప్రభుత్వ సర్వే ఆధార బిందువులతో మళ్లీ ఒకసారి లెక్క కట్టి, నిర్ధారించుకుని, అప్పుడు రాద్దామన్నాడు. దానికి ఆరు వారాలు పడుతుంది. ఈస్టర్‌కు మూడు వారాలు కూడా లేదు. ఇంద్రజ తన సంతకం ఉన్న రిపోర్టులను చూపించి, వీటిని నమ్మి వాళ్లు పైకి వెళ్తారు, కాబట్టి నిర్ధారణకు ముందే వీటిని వెనక్కి తీసుకోవాలి అంది. ఫోన్‌లో చెప్పడం తనకు ఇష్టం లేదని, వెళ్లి చెప్తానని అంది. స్టువర్ట్ రిపోర్టుల చివరి పేజీలు తిప్పి చూశాడు. చివరికి, వెళ్లు, నా సంతకం కూడా ఉంది కాబట్టి నేనూ వస్తాను అన్నాడు.

ఆ గురువారం సాయంత్రం ఆ ఊరి హాల్లో క్లబ్బు వాళ్లు ముప్పైమంది దాకా చేరారు. ఇంద్రజ బోర్డు మీద బొమ్మ గీసి, మొదటి రోజు బండను ఎలా ఎంచుకుందో అక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పింది. స్టువర్ట్ మధ్యలో ఒకసారి కల్పించుకుని కంపెనీ తరఫున ఏదో సర్దిచెప్పబోతే, ఆమె ఆగమని సైగ చేసింది. చెప్పడం అయ్యాక డెస్మండ్ అనే పెద్దాయన లేచాడు. గుడిసె కట్టేటప్పుడు పదిహేనేళ్లవాడిగా చెక్కలు మోసిన మనిషి.

"మూడేళ్లు ఏ ప్రమాదం లేదని రాసింది నువ్వే కదా," అన్నాడాయన.

"నేనేనండి. మూడూ తప్పు," అంది ఇంద్రజ.

"మరి ఇవాళ చెప్పేది తప్పు కాదని ఎలా నమ్మాలి?"

ఆమె దగ్గర దానికి మంచి జవాబు లేదు. లేదనే చెప్పింది. నమ్మకపోయినా ఫర్వాలేదు, కానీ ఈ ఈస్టర్‌కు మాత్రం వెళ్లకండి, తర్వాత ఇంకెవరితోనైనా కొలిపించుకోండి అంది. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో, మనం దశాబ్దాలుగా పడుకుంటున్న చోటు, ఈ మూడు వారాల్లో ఏమవుతుంది అన్నారు. బెరిల్ అప్పటిదాకా వెనక వరుసలో కూర్చుని ఉంది. కూర్చునే మాట్లాడింది. ఆ తలుపుకు నేను ఆరేళ్లుగా చిత్రిక పడుతున్నాను, ఈ అమ్మాయి చెప్పాకే ఎందుకో తెలిసింది, తాళంచెవి నా దగ్గరే ఉంది, ఈ ఈస్టర్‌కు నేను ఎవరికీ ఇవ్వను అంది. దాంతో సభ ముగిసింది. బయటికి వచ్చేటప్పుడు డెస్మండ్ ఇంద్రజ పక్కనుంచి పలకరించకుండా వెళ్లిపోయాడు.

ఆక్లండ్ తిరిగొచ్చాక రెండు నెలలు ఇంద్రజ సరిగా నిద్రపోలేదు. తను చెప్పింది నిజమైతే గుడిసె పోతుంది, అబద్ధమైతే తన మాట పోతుంది. ఏది కోరుకోవాలో ఆమెకు తెలియలేదు. మే నెలలో నిర్ధారణ వచ్చింది. లెక్క సరైనదే. ఆ తర్వాతి వేసవిలో, ఇక్కడ వేసవంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి, హెలికాప్టర్‌తో చిన్న డ్రిల్లు పైకి చేర్చి, గుడిసె పక్కన ఎనిమిది మీటర్లు రంధ్రం వేసి, ఉష్ణోగ్రత చెప్పే తీగ దింపారు. అడుగున ఐసు ఉంది కానీ, సున్నా డిగ్రీలకు మూడు పదో వంతులే కింద ఉంది. నిండా చల్లబడిన ఐసు కాదు. కరగడానికి సిద్ధంగా ఉన్న ఐసు.

గుడిసెను వదిలేయాలా, మార్చాలా అని క్లబ్బులో చాలా వాదన జరిగింది. మార్చాలంటే ఎక్కడికి? ఈసారి ఇంద్రజ ఒక్క బండ మోతను నమ్మలేదు. ఆ వేసవి అయ్యేలోగా ఆ కొండంతా తిరిగింది. ఇనుప పలకను నేల మీద పెట్టి సుత్తితో కొట్టి, ఆ దెబ్బ నేలలో ఎంత వేగంగా పోతోందో చూసేది. ఐసు కలిసిన రాళ్లలో ఒక వేగం, గట్టి రాతిలో ఇంకో వేగం. చివరికి పడమటి పక్క ఒక గట్టు దొరికింది. మూడు చోట్ల రంధ్రాలు వేశారు. మూడింట్లోనూ అడుగుదాకా రాయే. ఐసు జాడ లేదు. అయినా ఆమె అక్కడ బోల్టు దిగ్గొట్టి, దేశం కదలిక తీసేసి, ఎంతా ఎటూ రెండూ చూస్తూ పదకొండు నెలలు ఆగమంది. ఈ ఆగడం కొందరికి విసుగు పుట్టించింది. ఆగారు.

గట్టు శిఖరానికి దగ్గర. ఆ నేల మూలవాసులైన మావోరీ పెద్దలను అనుమతి అడగడానికి బెరిల్, ఇంద్రజ కలిసి వెళ్లారు. కొండ శిరసు తమకు పవిత్రమని, అక్కడ మనుషులు వండుకు తినడం, పడుకోవడం తగదని వాళ్లు చెప్పారు. అరవై అడుగులు కిందికి, అదే రాతి మీద అయితే అభ్యంతరం లేదన్నారు. ఇంద్రజ వెళ్లి చూసింది. చెప్పినచోట గాలి కూడా తక్కువ. అదే ఖాయమైంది.

2024 ఫిబ్రవరిలో గుడిసెను విప్పారు. బెరిల్ ఒక్కో చెక్క మీద సుద్దతో అంకె వేసింది. బరువైన దూలాలను హెలికాప్టర్ మోసింది. మిగతావి మనుషులే మోశారు. ఇంద్రజకు ఆ పనితో సంబంధం లేదు. సెలవు పెట్టి, రవినీ నిరుపమనూ తీసుకుని వెళ్లింది. తొమ్మిది రోజులు ఉన్నారు. రవి జీవితంలో చెక్క మోసి ఎరుగడు. మొదటి రోజు భుజం కమిలిపోయింది. రెండో రోజు డెస్మండ్ అతన్ని ఆపి, దుప్పటి మడతపెట్టి భుజం మీద ఎలా వేసుకోవాలో చూపించాడు. ఆయన వయసులో బరువులు మోయొద్దని అందరూ చెప్పినా వినలేదు. చిన్న పలకలు ఒకటొకటి మోస్తూ ఉన్నాడు. ఇంద్రజతో మాత్రం ఇంకా మాట్లాడలేదు. నిరుపమ బెరిల్ పక్కన కూర్చుని అంకెలు చదివి చెప్పేది. ఒకచోట ఆరు బదులు తొమ్మిది చదివితే గోడలో ఒక పలక తలకిందులుగా బిగించారు. అది ఇప్పటికీ అలాగే ఉంది.

పాత చోట దిమ్మలు మాత్రం మిగిలాయి. ఇంద్రజ అక్కడి గుర్తులు తీయలేదు. ఆ వాలు ఇంకా ఏం చేస్తుందో తెలియాలి అంది. మరుసటి ఏడాది, వేసవి చివర, మూడు రోజులు వెచ్చటి వాన పడింది. అంత ఎత్తున మంచు కురవాల్సిన చోట వాన. నాలుగో రోజు నడకకు వెళ్లినవాళ్లు చూసి ఫోన్ చేశారు. వాలు ముందు భాగం రెండు క్రికెట్ మైదానాలంత మేర విరిగి, కిందికి జారింది. పాత గుడిసె ఉన్న చోట మనిషి లోతు పగుళ్లు. దిమ్మల్లో రెండే కనిపిస్తున్నాయి. అవి కూడా నిలువునా లేవు. నల్లబండ బోర్లా పడింది. పైకి కనబడకుండా ఐసులో ఉన్న దాని అడుగు భాగం తడిసి మెరుస్తోందట. ఆ వారం కొత్త గుడిసెలో పదకొండు మంది వాన తగ్గేదాకా కూర్చున్నారు. వాళ్లకు జారిన చప్పుడు వినబడింది. అంతకుమించి ఏమీ కాలేదు.

ఆ సాయంత్రం ఇంద్రజకు ఆ ఊరి నుంచి ఒక ఫోన్ వచ్చింది. డెస్మండ్. మూడేళ్ల క్రితం హాల్లో నేను అడిగిన ప్రశ్నకు నువ్వు జవాబు లేదన్నావు, అది నాకు అప్పుడు కోపం తెప్పించింది అన్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే, నిన్ను నమ్మాల్సింది ఆ జవాబు వల్లేనేమో అన్నాడు. ఇంద్రజ ఫోన్ పెట్టేసి పెరట్లోకి వచ్చి నిలబడింది. నేను మా పెరట్లో బట్టలు తీస్తూ చూసి వాళ్లింటికి వెళ్లాను. ఏమైందమ్మా అంటే, కొండ కూలింది ఆంటీ, ఎవరికీ ఏం కాలేదు అంది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. ముఖం మాత్రం తేలికగా ఉంది. ఈ కథంతా ఆ రోజే నాకు మొదటిసారి చెప్పింది.

ఇప్పుడు ఆమె పనిచేసే చోట ఒక కొత్త పద్ధతి ఉంది. ఎవరు ఏ కొలత తెచ్చినా, ఆధార బిందువును ఎవరు, ఎలా పరీక్షించారో మొదటి పేజీలో రాయాలి. ఆ పద్ధతి పెట్టింది స్టువర్ట్. కొత్తగా చేరినవాళ్లకు నేర్పేది ఇంద్రజ. నేర్పేటప్పుడు తన మూడు రిపోర్టులనూ బల్ల మీద పెడుతుందట. పేరు కొట్టేయకుండా. మొదట్లో రవికి అది నచ్చలేదు. ఎందుకు మళ్లీ మళ్లీ చూపించుకోవడం అన్నాడు. ఇంకెవరి తప్పుతోనో చెబితే కథలా వింటారు రవీ, నా తప్పుతో చెబితే భయపడి వింటారు అందట. ఆక్లండ్ వానలకు కొండ వాలు ఇళ్ల కింద నేల జారుతోందేమోనని భయపడేవాళ్లు కూడా ఇప్పుడు ఆమెను పేరు పెట్టి అడుగుతున్నారు. హెండర్సన్ అనే శివారు అవతల ఒక ముసలి దంపతుల పెరడును ఆమె నెలకోసారి చూసి వస్తుంది. అక్కడ ఐసు లేదు, బంకమట్టి. దాని నడక వేరు, దాన్ని మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి అంటుంది.

ఈ ఏడాది మార్చిలో నన్ను కూడా రమ్మంది. నా మోకాళ్లు ఒప్పుకోవన్నాను. క్లబ్బు సామాను చేర్చే హెలికాప్టర్‌లో ఒక సీటు ఖాళీ ఉందని బెరిల్ చెప్పిందట. అలా పైకి వెళ్లాను. గుడిసె ముందు బల్ల మీద బెరిల్, నేను కూర్చున్నాం. ఆవిడ తెలుగు, ఆవిడ ఇంగ్లీషులో సగం నాకు అర్థం కాకపోయినా టీ తాగుతూ బాగానే కాలక్షేపం చేశాం. తెలుగంటే, ఇంద్రజ నేర్పిన నాలుగు మాటలే. అందులో ఒకటి 'జాగ్రత్త'.

ఇంద్రజ దూరంగా పాత వాలు మీద గుర్తుల మధ్య తిరుగుతోంది. అడుగు వేసేముందు కర్రతో నేలను తట్టి చూస్తోంది. జారిన ముక్క కింద కొత్తగా సర్దుకుని, మళ్లీ నెమ్మదించిందట. ఏడాదికి ఆరు సెంటీమీటర్లు. తర్వాత మా దగ్గరికి వచ్చి, గుడిసె మూలల దగ్గర పరికరం నిలబెట్టి, నాలుగు వైపులా కొలిచింది. పుస్తకంలో అంకె రాసింది, పక్కన బాణం గుర్తు వేసి దిక్కు రాసింది. బెరిల్ ఏమైనా కదిలిందా అని అడిగింది. పరికరం తప్పు ఎంత ఉండొచ్చో అంతకు లోపలే ఉంది, అంటే కదలనట్టేనని చెప్పింది ఇంద్రజ.

దూరంగా మబ్బు కమ్ముకొస్తోంది. గంటలో దిగిపోవాలి, సామాను సర్దండి ఆంటీ అంటూ ఆమె స్టాండు కాళ్లు ముడిచింది.